ఎక్స్ ప్లస్ వై ఈజీక్వల్టూ నాన్న డబ్బులు

మొన్న బుధవారం లంచ్ అయ్యాక మా టీములో ఓ కుర్రాడు లాప్‌టాప్ నా వైపు తిప్పి, "అన్నా, ఒక్క నిమిషం. ఈ షీటు చూసి కరెక్టో కాదో చెప్పవా" అన్నాడు. వాళ్ళది నంద్యాల వైపు. నాన్నగారు ఊళ్ళో స్థలం అమ్మారట. ఖర్చులన్నీ పోను చేతిలో నలభై లక్షలు మిగిలింది. నెలకి ముప్ఫై అయిదు వేలొస్తే పెద్దాళ్ళిద్దరికీ హాయిగా గడిచిపోతుంది. ఒక పక్క బ్యాంకు ఫిక్సెడ్ డిపాజిట్, 7 శాతం. ఇంకో పక్క ఏదో యాప్, ఇన్‌వాయిస్ డిస్కౌంటింగట, 14 శాతం. దేంట్లో ఎంత పెట్టాలి?

కుర్రాడు తెలివైనవాడు. ఎంసెట్ రాసి వచ్చిన బుర్ర. ఎక్స్ ప్లస్ వై నలభై లక్షలు, 0.07 ఎక్స్ ప్లస్ 0.14 వై నాలుగు లక్షల ఇరవై వేలు. గోల్ సీక్ నొక్కాడు. బ్యాంకులో ఇరవై, యాప్‌లో ఇరవై. సరిగ్గా సగం సగం. ఆ గడికి పచ్చ రంగు కూడా వేశాడు.

"లెక్క కరెక్టే" అన్నాను. ఎందుకంటే లెక్క కరెక్టే కాబట్టి. ఏడు ఇరవైలు నూట నలభై, పద్నాలుగు ఇరవైలు రెండొందల ఎనభై, వెరసి నాలుగొందల ఇరవై. వంక పెట్టడానికేమీ లేదు. వాడు థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం మెట్రోలో కేపీహెచ్‌బీ స్టేషన్ దాటి జేఎన్‌టీయూ దాకా వెళ్ళిపోయాను, దిగడం మర్చిపోయి. ఆ షీటు నేను ముందే చూశాను. వాడిది కాదు, నాది. 2018లో నేను చేసిన షీటు.

అందుకే ఈ టపా. మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం అమ్మానాన్నల డబ్బుకి ఆల్జీబ్రా వేస్తున్నాం, అది తప్పు అని నా వాదన. మీకు కోపం రావచ్చు. వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

ముందు పదో తరగతిలోకి వెళ్దాం. "ఒకడు తన వద్దనున్న సొమ్ములో కొంత భాగమును ఇంత వడ్డీకి, మిగిలిన దానిని ఇంత వడ్డీకి ఇచ్చెను. సంవత్సరాంతమున ఇంత వడ్డీ వచ్చిన, ఒక్కొక్క భాగమెంత?" ఈ లెక్క చెయ్యకుండా మనలో ఎవరూ ఇంజనీరు అవలేదు. రెండు చరరాశులు, రెండు సమీకరణాలు, నాలుగు మార్కులు. మా సారు దీన్ని మూడు పద్ధతుల్లో చేయించాడు. కానీ మా క్లాసులో నలభై మందిమి ఉండి ఒక్కడంటే ఒక్కడు అడగని ప్రశ్న ఒకటుంది. ఒకచోట 14 వస్తున్నప్పుడు సదరు పెద్దమనిషి 7 దగ్గర ఎందుకు పెట్టాడు? పిచ్చా?

నిజంగా ఆలోచించండి. రెండు వడ్డీలూ ఖాయమైతే, రెండు చోట్లా అసలు భద్రమైతే, తక్కువ దాంట్లో ఒక్క రూపాయి పెట్టడానికి కూడా కారణం లేదు. మొత్తం ఎక్కువ దాంట్లోనే పెట్టాలి. సమీకరణమే అక్కర్లేదు. పంచుకుందాం అనే ఆలోచన వచ్చిందంటేనే మీ కడుపులో ఎక్కడో తెలుసన్నమాట, ఆ 7, ఈ 14 ఒకే జాతివి కావని. 7 ఒక అంకె. 14 ఒక మాట. మాటని అంకె గడిలో టైప్ చేశాక ఎక్సెల్‌కి తేడా తెలీదు. మనకి తెలియాలి.

ఇప్పుడు నా గొడవ.

మా నాన్న తెనాలి దగ్గర రైసు మిల్లులో గుమాస్తా. ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాశాడు. పెన్షన్ లేదు. ఉన్న ఎకరం పొలం 2018లో అమ్మితే అప్పులూ అవీ పోను ముప్ఫై లక్షలు మిగిలింది. "నెలకి పాతిక వేలొస్తే చాల్రా, అమ్మ మందులతో సహా గడిచిపోద్ది" అన్నాడు. నేను కూకట్‌పల్లిలో కూర్చుని ఎక్సెల్ తెరిచాను. బ్యాంకు 7. మాకు తెలిసినాయన ద్వారా ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థ, 18 (పేరు రాయను, రాసి ఉపయోగం లేదు). పాతిక వేలకి ఎనిమిది లక్షల పద్దెనిమిది వేలు అందులో పెట్టమంది షీటు. పాతిక వేలేంటి, ముప్ఫై చేద్దాం అనుకున్నాను. నాన్న అడగలేదు. నేనే, కొడుకుగా, ఉదారంగా, టార్గెట్ గడిలో 25 తీసి 30 కొట్టాను. వై విలువ పదమూడు లక్షల అరవై నాలుగు వేలైంది.

ఆ మారిన అంకెని అప్పుడు నేను సరిగ్గా చూడలేదు. మీరైనా చూడండి. నెలకి అయిదు వేలు ఎక్కువ ఆశపడ్డందుకు అయిదు లక్షల నలభై అయిదు వేల అసలు బ్యాంకు గుమ్మం దాటి బయటికి నడిచింది. వెయ్యికి లక్షా తొమ్మిది వేలు. ఎందుకంటే నెలకి వెయ్యి అంటే ఏడాదికి పన్నెండు వేలు, దాన్ని భాగించేది రెండు వడ్డీల మధ్య తేడా, అంటే 18లోంచి 7 తీస్తే 11 శాతం. పన్నెండు వేలు బై 0.11. హారం చిన్నది కాబట్టి ఫలితం పెద్దది. పదో తరగతి సంగతే.

మా కుర్రాడి షీటులో తేడా 7 శాతమే. వాడికి నెలకి వెయ్యి ఆశ అంటే లక్షా డెబ్భై ఒక్క వేలు అటు జరగాలి. ఇంకో తమాషా చూడండి. అదే యాప్ 14 కాకుండా 22 శాతం ఇస్తానంటే, సమీకరణం అందులో తొమ్మిది లక్షల ముప్ఫై మూడు వేలు చాలంటుంది. 14 అంటే ఇరవై లక్షలు పెట్టమంటుంది. అంటే ఎవడు మర్యాదగా, అత్యాశ లేనట్టు, నమ్మదగినట్టు మాట్లాడతాడో వాడికే ఎక్కువ డబ్బు అప్పగించమంటోంది మన ఆల్జీబ్రా. 22 అంటే మనకే అనుమానం వస్తుంది. 14 అంటే "రీజనబులే కదా" అంటాం. సగం ఆస్తి పోయేది ఆ రీజనబుల్ దగ్గరే.

తెనాలికి ఫోన్ చేసి షీటు వివరించినప్పుడు నాన్న రెండు ప్రశ్నలు అడిగాడు. "బ్యాంకులో పదకొండు పన్నెండుకి అప్పు పుడతా ఉంటే, వాడు రూపాయిన్నర వడ్డీకి మన దగ్గరెందుకు తీసుకుంటాడ్రా?"

"మనకి పద్దెనిమిదికి తీసుకుని బయట ఇరవై నాలుక్కి ఇస్తారు నాన్నా. అది వాళ్ళ బిజినెస్ మోడల్."

"ఆ రెండు రూపాయల వడ్డీకి తీసుకునేవాడెవడు?"

"అబ్బా నాన్నా..." అన్నాను. నాకు బాగా గుర్తు, అదే నా సమాధానం. ఆ పైన వాళ్ళ ఆఫీసు ఎంత పెద్దదో చెప్పాను. నాన్న ఇంకేం మాట్లాడలేదు. కొడుకు ఇంజనీరు, తాను గుమాస్తా.

మన భాషలో వడ్డీని ఎలా చెప్పుకుంటామో ఎప్పుడైనా గమనించారా? రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. అంటే నూటికి నెలకి అంత. రూపాయి అంటే ఏడాదికి 12, రూపాయిన్నర అంటే 18, రెండు అంటే 24. బారువడ్డీ లెక్క. మా వైపు ఆ అంకె ఎప్పుడూ ఒంటరిగా రాదు, మనిషితో కలిసే వస్తుంది. "ఫలానావాడికి రూపాయికి పుడుతుంది, వాడి తమ్ముడికి మూడుకి గానీ పుట్టదు." ఊళ్ళో వడ్డీ రేటంటే సరుకు ధర కాదు, తీసుకునేవాడి మీద ఊరి అభిప్రాయం. ఇదే సంగతిని అమెరికాలో క్రెడిట్ స్కోరు అన్నారు, మనం ఆహా అన్నాం. నాన్న అడిగిన రెండు ప్రశ్నలూ రిస్క్ అనాలిసిస్సే. నేను రూపాయిన్నరని 0.18గా మార్చి గడిలో పెట్టగానే దాన్ని పట్టుకున్న మనిషి ఎగిరిపోయాడు.

పందొమ్మిది నెలలు వడ్డీ టంచనుగా వచ్చింది. నెలకి ఇరవై వేల నాలుగొందల చిల్లర. నాన్న నాకు ఫోన్ చేసి "పడ్డాయిరా" అనేవాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్. ఏప్రిల్‌లో రాలేదు. మేలో "పరిస్థితి మీకు తెలుసు కదండీ" అన్నారు. ఆగస్టుకి ఆఫీసుకి తాళం. వచ్చిన వడ్డీ మొత్తం మూడు లక్షల ఎనభై తొమ్మిది వేలు. పోయిన అసలు పదమూడు లక్షల అరవై నాలుగు వేలు. మన అసల్లోంచే ముక్కలు కోసి మనకే వడ్డీ అని పంపారన్నమాట, మిగతాది ఉంచుకున్నారు.

బ్యాంకులో మిగిలిన పదహారు లక్షల ముప్ఫై ఆరు వేలకి 7 శాతమంటే నెలకి తొమ్మిదిన్నర వేలు. పాతిక అడిగిన మనిషికి తొమ్మిదిన్నర. ఆ పదహారు మళ్ళీ ముప్ఫై అవ్వాలంటే, ఒక్క పైసా వాడకుండా చక్రవడ్డీకి వదిలేస్తే, తొమ్మిదేళ్ళు. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషికి తొమ్మిదేళ్ళు ఏమీ వాడకుండా కూర్చోమని చెప్పే గడి ఏ షీటులోనూ లేదు.

"మరి డైవర్సిఫై చెయ్యాల్సింది బాసూ, అంతా ఒక్కడికే ఎందుకిచ్చావ్?" అని అడిగేవాళ్ళుంటారు. అడిగారు కూడా. మార్కోవిట్జ్ 1952లో రాసిన పేపరు, 1990లో నోబెల్, అన్నీ నాకూ తెలుసు. అందులో ఉన్న అసలు కిటుకు, ఒకటి పడితే ఇంకొకటి పడకూడదనేది. 2020లో మా పక్క ఫ్లాట్ ఆయన మూడు ప్రైవేటు చోట్ల పెట్టాడు. మూడూ ఒకే ఎండాకాలంలో ఆగిపోయాయి. బ్యాంకు కాదన్నవాళ్ళకి అప్పులిచ్చే మూడు సంస్థలంటే, అవి మూడు బుట్టలు కాదు, ఒకే బుట్టకి మూడు పిడులు.

ఇక కొంచెం చరిత్ర. ఈ లెక్క ఇంగ్లీషువాడు తెచ్చింది కాదు. భాస్కరాచార్యుడి లీలావతిలో (1150) ఇలాంటిదే ఒకటుంది. తొంభై నాలుగు నిష్కాలు మూడు భాగాలు చేసి నూటికి నెలకి 5, 3, 4 చొప్పున వడ్డీకిచ్చారు. మొదటిది ఏడు నెలలకి, రెండోది పది నెలలకి, మూడోది అయిదు నెలలకి సమానంగా వడ్డీ తెచ్చాయి. భాగాలెంత? జవాబు 24, 28, 42. వేసి చూసుకోండి, మూడింటికీ 8.4 నిష్కాల చొప్పున వస్తుంది. (నూటికి నెలకి అయిదు! అయిదు రూపాయల వడ్డీ అన్నమాట, ఏడాదికి అరవై శాతం. పన్నెండో శతాబ్దపు లెక్కల పుస్తకంలోనూ చేబదులు ఖరీదైనదే.) అంతకు మూడు శతాబ్దాల ముందే మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇలాంటి కలగలుపు లెక్కలకి మిశ్రక వ్యవహారమని ఒక అధ్యాయమే పెట్టాడు. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే దాదాపు వెయ్యేళ్ళుగా మన వాళ్ళు ఈ గణితం చదువుతున్నారు.

ఆ లెక్కలో క్రియాపదాలు చూడండి. ఇచ్చారు. తెచ్చాయి. అంతా భూతకాలం. డబ్బు వెళ్ళింది, వడ్డీ చేతికొచ్చింది, ఎలా పంచారో మాత్రం మనకి చెప్పలేదు. దాన్ని వెనక్కి వెళ్ళి కనుక్కోవడం బీజగణితం పని. అది అద్భుతంగా చేస్తుంది. మనం చేసిందేమిటంటే, జరిగిపోయినదాన్ని తవ్వే పనిముట్టుని తీసుకెళ్ళి జరగబోయేదానికి వాడటం. లెక్క అడిగేవాడికి మొత్తం వడ్డీ తెలుసు, ఎందుకంటే అది వచ్చేసింది. మా కుర్రాడి నాలుగు లక్షల ఇరవై వేలు ఎక్కడొచ్చింది? అది వాడి కోరిక. ఈజీక్వల్టూకి కుడి పక్కన కోరిక రాసి, ఎడమ పక్కన నాన్న ఆస్తిని దానికి తగ్గట్టు కత్తిరిస్తున్నాడు. నేను చేసిందీ అదే.

ఇదేదో పల్లెటూళ్ళలో అమాయకులకి జరిగేదని అనుకోకండి. 2001లో హైదరాబాదులో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు మూతపడ్డప్పుడు క్యూలో నిలబడ్డది నగరం వాళ్ళే. అగ్రిగోల్డ్ బాధితులు ముప్ఫై లక్షల పైచిలుకు, సొమ్ము ఆరు వేల కోట్ల పైన. అది ఊళ్ళ సంగతి అంటారా, సరే, మన గుమ్మంలోకే వద్దాం. 2025 ఫిబ్రవరిలో సైబరాబాద్ పోలీసులు ఫాల్కన్ ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ మీద కేసు బయటపెట్టారు. పోలీసులు చెప్పిన ప్రకారం దాదాపు ఏడు వేల మంది దగ్గర 1,700 కోట్ల దాకా తీసుకున్నారు, అందులో సగం తిరిగి రాలేదు. ఇస్తామన్న వడ్డీ 11 నుంచి 22 శాతం. పెద్ద పెద్ద కంపెనీల బిల్లుల మీద అప్పు అన్నారు. ఆ బిల్లులే బోగస్ అని ఆరోపణ. ఆఫీసు ఎక్కడనుకున్నారు? హైటెక్ సిటీ. మనం టీ తాగే రోడ్డుకి ఆ పక్కన. యాప్ ఉంది, డాష్‌బోర్డు ఉంది, మనలాంటి వాడే ఎవడో దానికి నీటుగా యూఐ రాసుంటాడు. ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ అనే వ్యాపారం దొంగది కాదు, రిజర్వు బ్యాంకు అనుమతితో ట్రెడ్స్ అనే వేదికల మీద బ్యాంకులు రోజూ చేస్తాయి. కానీ ఆ బిల్లు నిజమైనదో కాదో చూసే మనుషులు బ్యాంకుకి ఉన్నారు. నీకూ నాకూ ఉన్నది స్క్రీన్‌షాటు.

"వాళ్ళు పదహారు నెలలుగా ఒక్క రోజు లేటు చెయ్యలేదన్నా" అన్నాడు కుర్రాడు, మర్నాడు నేను కదిపితే. మాకు పందొమ్మిది నెలలు రా తమ్ముడూ.

సరే, తిట్టడం తేలిక. మరి ఏం చెయ్యాలి? ఆల్జీబ్రా మానెయ్యాలా? అక్కర్లేదు. తెలియనిది ఏదో దాన్ని చరరాశి చేస్తే చాలు. ఇక్కడ తెలియనిది ఎక్స్ కాదు, వై కాదు. ఆ 14 నిజంగా వస్తుందా అనేది. కాబట్టి సమీకరణం ఇలా రాయండి. వందమందికి ఇస్తే కొందరు అసలు, వడ్డీ రెండూ ఎగ్గొడతారు. ఆ వంతు పీ. 1.14 ఇంటు ఒకటి మైనస్ పీ, ఈజీక్వల్టూ 1.07. పీ ఎంత? సుమారు 6.1 శాతం. అంటే ఏడాదిలో నూటికి ఆరుగురు ఎగ్గొడితే 14 శాతం కాస్తా 7తో సమానం. ఏడో వాడు ఎగ్గొడితే బ్యాంకే నయం. మా నాన్న 18 విషయంలో ఆ అంకె 9.3. ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి. బ్యాంకు పొమ్మన్న వందమందిలో ఆరుగురికంటే ఎక్కువమంది ఎగ్గొట్టరని నాకెలా తెలుసు? "ఆ రెండు రూపాయల వడ్డీకి తీసుకునేవాడెవడు?" అన్న ప్రశ్నకి ఇదే ఇంజనీరు భాష. నాన్న రెండు సెకన్లలో అడిగాడు, నాకు రెండేళ్ళు పట్టింది.

ఇది కూడా వందమందికి పంచగలిగే వాడి లెక్క. సగటు బ్యాంకుకి పనికొస్తుంది. నాన్నకి ఉండేది ఒక్క సంస్థ. ఆయనకి 6.1 శాతం పోదు. పోతే మొత్తం పోతుంది, లేకపోతే ఏమీ పోదు.

నిజంగా భద్రమైన వాటి మధ్య పంచడానికైతే ఏ సమీకరణమూ వద్దు. కోర్సులో చదివిన గ్రీడీ అల్గారిదం చాలు. ఎక్కువ వడ్డీ దానితో మొదలుపెట్టి, దాని పరిమితి నిండేదాకా నింపి, తర్వాత దానికి వెళ్ళడం. పంచాల్సి వచ్చేది పరిమితుల వల్లే. అరవై దాటిన వాళ్ళకి పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజెన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 2023 ఏప్రిల్‌లో పరిమితి పదిహేను లక్షల నుంచి ముప్ఫైకి పెంచి వడ్డీ 8.2 చేశారు, 2025 అంతా అదే నడిచింది. చేరిన రోజు రేటే అయిదేళ్ళూ ఉంటుంది, మూణ్ణెల్లకోసారి చేతికొస్తుంది. అది నిండాక బ్యాంకు. బ్యాంకులో కూడా ఒక్కో బ్యాంకుకి వడ్డీతో కలిపి అయిదు లక్షల వరకే డిపాజిట్ బీమా (2020 ఫిబ్రవరికి ముందు లక్షే), కాబట్టి చిన్న బ్యాంకులైతే ఆ లోపు ఉంచుకోవాలి. అంతే. ఇందులో గోల్ సీక్ లేదు, పచ్చ రంగు లేదు, చూపించుకోవడానికేమీ లేదు. బహుశా అందుకే మనకి నచ్చదేమో :)

కుర్రాడి నలభై లక్షలు ఇలా వేశాం, గురువారం, కాంటీన్‌లో టిష్యూ పేపరు మీద. ముప్ఫై లక్షలకి 8.2 అంటే ఏడాదికి రెండు లక్షల నలభై ఆరు వేలు. మిగతా పదికి బ్యాంకులో 7, డెబ్భై వేలు. మొత్తం మూడు లక్షల పదహారు వేలు. నెలకి ఇరవై ఆరు వేల మూడొందల ముప్ఫై మూడు.

"మరి ముప్ఫై అయిదు ఎలా అన్నా?"

"రాదు."

"ఇంకా ఎనిమిది వేల ఆరొందలు తగ్గుతోంది కదా."

"ఎనిమిది వేల ఆరొందల అరవై ఏడు. అది నువ్వు పంపు."

వాడు నా వంక అదోలా చూశాడు. ఈ టపా మొత్తం ఆ చూపు గురించే. మన షీటుల్లో ఎక్స్ ఉంటుంది, వై ఉంటుంది, జడ్ ఉండదు. జడ్ అంటే మనం. కూకట్‌పల్లిలో మన రెండు బెడ్రూముల అద్దె, కారు ఈఎంఐ, శనివారం మాల్‌లో సినిమా, పాప్‌కార్న్, భోజనం అన్నీ వేరే షీటులో ఉంటాయి. ఆ షీటులో ఎనిమిది వేలు పెద్ద లెక్క కాదు. ఆ ఎనిమిది వేలు మనం పెట్టకుండా రావాలంటే మాత్రం నాన్న ఇరవై లక్షల అసలు తీసుకెళ్ళి యాప్‌లో పెట్టాలి. పదో తరగతి ఆల్జీబ్రాతో మనం నిజంగా పరిష్కరిస్తున్న సమస్య ఇది. నా విషయంలో అయితే మరీ అన్యాయం. అప్పట్లో పదిహేను లక్షలు ఆ స్కీములో 8.3కి, మిగతాది బ్యాంకులో వేసుంటే పందొమ్మిది వేల చిల్లర వచ్చేది. పాతిక్కి తగ్గేది ఆరు వేలు. ఆ ఏడాదే నేను లక్ష రూపాయల ఫోన్ కొన్నాను.

"మా నాన్న తీసుకోడన్నా" అన్నాడు కుర్రాడు. ఇది నిజమైన అభ్యంతరం, కొట్టిపారెయ్యను. మన నాన్నలు కొడుకు దగ్గర నెలనెలా తీసుకోరు. తమ డబ్బు మీద వడ్డీ అయితే తలెత్తుకుని తీసుకుంటారు. ఆ పౌరుషాన్ని కాపాడటానికే మనం ఈ 14లు, 18లు వెతుకుతున్నామని మనకి మనం చెప్పుకుంటాం. కొంత నిజం కూడా. కానీ పౌరుషానికి నెలకి ఎనిమిది వేలు ఖరీదైతే, దాన్ని ఇరవై లక్షలు తాకట్టు పెట్టి కొనక్కర్లేదు. కూర్చుని మాట్లాడాలి. ఆ మాట్లాడటం మనకి చేతకాదు, గోల్ సీక్ చేతనవును.

శుక్రవారం వాడు షీటు మళ్ళీ చూపించాడు. కింద కొత్త వరస, "నేను" అని. 8,667. "పోస్టాఫీసు వడ్డీలో కలిపి వస్తుందని చెప్పేస్తా అన్నా, ఆయన పాస్‌బుక్కు చూడడు" అన్నాడు. చూస్తారో చూడరో వాళ్ళ నాన్నగారి సంగతి నాకు తెలీదు.

మా ఇంట్లో అది కుదరలేదు. గుమాస్తా కదా. 2020 సెప్టెంబరు నుంచి ఒకటో తారీకున నేను పదిహేనున్నర వేలు పంపుతున్నాను. మొదట్లో ఆర్నెల్లు ఆ డబ్బు ముట్టుకోలేదని అమ్మ చెప్పింది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు బీరువాలో ఏదో వెతుకుతుంటే నాన్న చిట్టా పుస్తకం కనిపించింది. మిల్లు రోజుల్లో వాడినలాంటిదే, ఎర్ర అట్ట. అందులో నా పేరున ఒక ఖాతా ఉంది. ప్రతి నెలా ఒకటో తారీకు, పదిహేను వేల అయిదొందలు, "అబ్బాయి వద్ద చేబదులు" అని. ఒక్క నెల కూడా తప్పలేదు. పక్కన వడ్డీ గడి గీసి ఉంది. అన్ని నెలలకీ ఖాళీగా వదిలేశాడు.